నేల టికెట్, నేల ధర

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, పాత సినిమా హాళ్ల మీద ఒక రిటైర్డ్ థియేటర్ మేనేజర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? చెయ్యెత్తండి. సరే. నాకు మైకు అలవాటు లేదండీ. థియేటర్ మేనేజర్ గొంతు పెంచాల్సింది రెండే సందర్భాలు. ఒకటి కరెంటు పోయినప్పుడు, రెండోది టికెట్లు అయిపోయినప్పుడు. మొదటిదానికి మైకు పనిచెయ్యదు, రెండోదానికి మైకు చాలదు. (నవ్వులు)

ఇవాళ తార్నాకలో సిటీ బస్సెక్కి వచ్చాను. పక్కన ఒక కుర్రాడు కూచున్నాడు, ఒళ్లో ల్యాప్‌టాప్ బ్యాగు. సంగీత్‌కి టికెట్ తీసుకున్నాడు. ఊరుకోలేక అడిగాను, "బాబూ, సంగీత్ అంటే ఏంటో తెలుసా?" అని. కాసేపు ఆలోచించి, "మ్యూజిక్ స్కూల్ ఏదన్నా ఉండేదేమో అంకుల్" అన్నాడు. తప్పేం లేదు. ఆ పిల్లవాడికి ఊహ తెలిసేనాటికే సంగీత్ థియేటర్ లేదు. మా రోజుల్లో ఇంగ్లీషు సినిమా అంటే ముందు గుర్తొచ్చేది అదే. హాలు పోయి ఇన్నేళ్లయినా స్టాపు మాత్రం ఉంది, కండక్టర్లు అరుస్తూనే ఉన్నారు.

సికింద్రాబాద్ దాటాక ప్యారడైజ్ వచ్చింది. అక్కడ అందరికీ బిర్యానీ గుర్తొస్తుంది. ఆ హోటలు 1953లో ప్యారడైజ్ టాకీస్‌ని ఆనుకుని చిన్న క్యాంటీన్‌లా మొదలైంది. ఇంటర్వెల్‌లో చాయ్ తాగడానికి బయటికొచ్చే జనమే దాని గిరాకీ. టాకీస్ పోయింది, పేరు హోటలుకు మిగిలింది, హోటలు వల్ల చౌరస్తాకు అంటుకుంది, ఇప్పుడు మెట్రో స్టేషన్‌కీ అదే పేరు. ఇంకొంచెం అవతల తివోలీ ఉంది. ఇటు ట్యాంక్‌బండ్ దిగితే లిబర్టీ. మొన్నొకరు నాతో, లిబర్టీ అంటే స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పెట్టిన పేరు కదా సార్ అన్నారు. కాదు నాయనా, అక్కడ సినిమా ఆడేది అన్నాను. ఈ ఊళ్లో రాజుల పేర్ల మీద ఎన్ని వీధులున్నాయో, మూతపడ్డ సినిమా హాళ్ల పేర్ల మీద అన్ని స్టాపులున్నాయి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1981లో ఈ ఊళ్లోనే ఒక థియేటర్‌లో బుకింగ్ క్లర్కుగా చేరాను. మేనేజర్‌గా బయటికొచ్చాను. బయటికొచ్చాను అంటే థియేటరే మూసేశారు, నేను రాక తప్పలేదు. దాని పేరు చెప్పను. ఎందుకు చెప్పనో తరవాత మీకే తెలుస్తుంది.

బుకింగ్ క్లర్కు గది ఎంతుంటుందో మీలో ఎవరైనా చూశారా? ఇనప జాలీ, దానికి అర్ధచంద్రాకారంలో ఒక కంత. ఆ కంతలోకి ఒకేసారి ఆరేడు చేతులు దూరతాయి. మొహాలు కనపడవు. చెయ్యి చూసే మనిషిని పోల్చుకోవాలి. సున్నం మరకల చెయ్యి, గ్రీజు చెయ్యి, గోరింటాకు చెయ్యి. కింది క్లాసు కౌంటర్ నాది. నేల మీద కూచోబెట్టే పద్ధతి నేను చేరేనాటికే పోయి బెంచీలొచ్చాయి, అయినా జనం దాన్ని నేల టికెట్ అనే అనేవాళ్లు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. పాతబస్తీ హాళ్లలో ఆడవాళ్లకు విడిగా జనానా కూడా ఉండేది, ముందు పరదాతో. అప్పటి మనుషుల మధ్య ఉన్న మెట్లన్నీ హాల్లో కట్టిపెట్టారన్నమాట. కాకపోతే అందరూ చూసే తెర ఒక్కటే.

మాకు ఒక లెక్క ఉండేది. బాల్కనీ నిండితే మొదటి వారం దాటుతుంది, నేల నిండితే యాభై రోజులు ఆడుతుంది. బాల్కనీ వాళ్లు సినిమా ఒక్కసారి చూసి బాగుందనో లేదనో చెప్తారు. నేల వాళ్లు నచ్చితే నాలుగుసార్లు వస్తారు. పాట రాగానే చిల్లర విసిరేవాళ్లు. ఆట అయ్యాక తెర కింద పడ్డ ఆ చిల్లర ఊడ్చేవాళ్లది, అది రాసుకోని ఒప్పందం. ఊడ్చే అతను పొద్దున్నే వచ్చి, రాత్రి పడిన పైసలు చూసి, "సారూ, ఈ బొమ్మ ఇంకో రెండు వారాలు" అని చెప్పేవాడు. డిస్ట్రిబ్యూటర్ తరఫున వచ్చే రిప్రజెంటేటివ్ డీసీఆర్ చూసి చెప్పేది కూడా సరిగ్గా అదే. డీసీఆర్ అంటే రోజువారీ వసూళ్ల కాగితం. ఏ క్లాసులో ఎన్ని తెగాయి, పన్ను ఎంత, నికరం ఎంత, అన్నీ అందులో ఉంటాయి.

పాత హాళ్ల గురించి మాట్లాడే వాళ్లంతా మల్లెపూల వాసన, సోడా గ్యాసు, చిన్న ఉల్లి సమోసా అని మొదలుపెడతారు. సమోసా నిజమే. నల్లులు కూడా నిజమే. వాటి మందు కొట్టించిన రోజు బాల్కనీలో తుమ్ములు ఆగేవి కావు. బాత్‌రూముల గురించి మాట్లాడకపోవడమే మర్యాద. ఆడపిల్లలు సెకండ్ షోకి రాలేకపోయేవారు, ఎందుకో మీకు తెలుసు. బ్లాకులో టికెట్లు అమ్మేవాళ్లకు లోపలినుంచి కట్టలు వెళ్లేవి, అదీ మీకు తెలుసు. కాబట్టి స్వర్గం కూలిపోయిందని చెప్పడానికి నేను రాలేదు. దుకాణం మూతపడింది. ఎందుకు మూతపడిందో నేను చూసినంత వరకు చెప్తాను.

అంతకుముందు కొంచెం వెనక్కి వెళ్దాం. మన తెలుగువాడు రఘుపతి వెంకయ్య నాయుడు 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతీ టాకీస్ కట్టాడు. హైదరాబాద్ కథ వేరు. బెంగాల్ నుంచి వచ్చిన ధీరేంద్రనాథ్ గంగూలీ, అందరూ డీజీ అంటారు, 1922 ప్రాంతంలో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. సినిమాలు తీశాడు, ఊళ్లో హాళ్లు కూడా నడిపాడు. 1924లో రజియా బేగం సినిమా వేశాడు. అది నిజాం దర్బారుకు నచ్చలేదు. రాజ్యం వదిలిపొమ్మన్నారు. అంటే మన ఊళ్లో సినిమా హాలు పుట్టిన కొన్నాళ్లకే ఒక ఆట వల్ల ఒక మనిషి ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఇవాళ సినిమా మీద గొడవలు చూసి కాలం చెడిందనే వాళ్లకు ఇది చెప్పండి.

ఆ రోజుల పేర్లు వినండి ఎంత బాగుంటాయో. జమ్రూద్ మహల్, మోతీ మహల్, యాకూత్ మహల్. జమ్రూద్ అంటే పచ్చ, మోతీ అంటే ముత్యం, యాకూత్ అంటే కెంపు. యాకూత్‌పురాలో ఉంది కాబట్టి ఆ పేరు అనుకోండి, అయినా వినడానికి నగల దుకాణంలో ఉన్నట్టుంటుంది. సికింద్రాబాద్ వైపు దొరల తీరు, ప్లాజా, తివోలీ, డ్రీమ్‌ల్యాండ్. తరవాత మన తెలుగు రోజులొచ్చాయి. ఎన్టీ రామారావు అబిడ్స్‌లో రామకృష్ణ కట్టారు, కాచిగూడలో తారకరామ కట్టారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దేవి, సంధ్య, సుదర్శన్, ఓడియన్, సప్తగిరి. ఆ చౌరస్తాలో ఫస్ట్ షో వదిలి సెకండ్ షో ఎక్కే వేళ బస్సు కదిలేది కాదు. మూడు భాషల ఊరు ఒక సాయంత్రం ఎలా ఉంటుందో అక్కడ నిలబడితే తెలిసేది.

ఇప్పుడు ఆపరేటర్ రూంకి తీసుకెళ్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే, మేనేజర్లను అక్కడికి రానివ్వరు కాబట్టి. (నవ్వులు) మా ఆపరేటర్‌ని అందరం మామా అనేవాళ్లం. పాతబస్తీ మనిషి. ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడేవాడు. రెండు ప్రొజెక్టర్ మిషన్లు పక్కపక్కనే. బల్బు లేదు. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి కరెంటిస్తే మధ్యలో నిప్పు పుడుతుంది. ఆ వెలుగే తెర మీద బొమ్మ. కడ్డీలు కాలుతూ కురచవుతుంటాయి, దూరం పెరిగితే బొమ్మ పసుపు రంగుకు తిరుగుతుంది, కాబట్టి ఆపరేటర్ కన్ను ఎప్పుడూ నల్ల అద్దంలోంచి ఆ నిప్పు మీదే. కడ్డీకి పైన రాగి పూత ఉంటుంది. అది కరిగి బొట్లుబొట్లుగా కింద పడుతుంది. మామ ఆ రాగి బొట్లన్నీ డబ్బాలో పోగేసి దసరాకు, రంజాన్‌కు అమ్మేవాడు. వచ్చిన డబ్బు గేట్‌కీపర్లతో సహా అందరికీ పంచేవాడు.

ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండు కలిపి ఒక స్పూలుకు చుడితే ఇరవై రెండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమాకు దాదాపు పదమూడున్నర వేల అడుగుల ఫిలిం, ఆరేడు స్పూళ్లు. ఒక మిషన్‌లో స్పూలు అయిపోతుండగా తెర మీద కుడిచేతి పై మూలలో ఒక చుక్క పడుతుంది. చూసేవాళ్లకు తెలియదు. చుక్క చూడగానే రెండో మిషన్ మోటరు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. అప్పుడు దీని మూత మూసి దాని మూత తెరవాలి. ఒక్క సెకను అటూఇటూ అయితే హీరోయిన్ మాట మింగేస్తుంది, హాల్లో ఈలలు. మామ ఆ రెండు చుక్కల మధ్య ఊపిరి బిగపట్టేవాడు. నేనొకసారి ఆ సమయంలోనే వెళ్లి, కలెక్షన్ గురించి ఏదో అన్నాను. వెనక్కి తిరగలేదు. చుక్క పడింది, చెయ్యి కదిలింది, మిషన్ మారింది. అప్పుడు అన్నాడు, "సారూ, మీరు పైసలు చూస్తరు. నేను నిప్పు చూస్తున్న. గిప్పుడు రావద్దు."

ఒక్కోసారి ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడేది. ఆటలకు మధ్య అరగంట తేడా పెట్టుకుని, ఇక్కడ అయిపోయిన రీలు సైకిల్ మీద అక్కడికి. గణేశ్ నిమజ్జనం రోజు రీలు పిల్లవాడు ఊరేగింపులో ఇరుక్కుపోయాడు. మా హాల్లో విలన్ కత్తి ఎత్తాడు, తరవాతి రీలు లేదు. నలభై నిమిషాలు స్లైడ్లు వేశాం, పళ్లపొడి స్లైడే పదిసార్లు వేశాం. జనం అరిచారు, నవ్వారు, ఆఖరికి పళ్లపొడి రాగానే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

ఇంతకీ ఎందుకు మూతపడ్డాయి? నేను పనిచేసిన కాలంలో ప్రతి నాలుగైదేళ్లకు ఒక కారణం చెప్పేవాళ్లు. టీవీ వచ్చింది, అయిపోయింది అన్నారు. వీడియో క్యాసెట్ వచ్చింది, అయిపోయింది అన్నారు. తరవాత కేబుల్. 2003లో నెక్లెస్ రోడ్డు దగ్గర ప్రసాద్స్ ఐమాక్స్ తెరిచినప్పుడు మా ఓనర్లు వెళ్లి చూసొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. తరవాత ఫిలిం పోయి డిజిటల్ వచ్చింది. రీళ్ల బాక్సు రావడం ఆగిపోయి సినిమా ఉపగ్రహం మీదుగా, హార్డ్ డిస్కులో రావడం మొదలైంది. మామ ఉద్యోగం మీట నొక్కడమైంది. ఆ డిజిటల్ చార్జీల తగాదాలోనే 2018 మార్చిలో కొన్నాళ్లు తెలుగు రాష్ట్రాల్లో హాళ్లు మూతపడ్డాయి. కరోనా సంగతి చెప్పక్కర్లేదు, అప్పుడు దించిన షట్టర్లు కొన్ని మళ్లీ లేవలేదు. 2024 మేలో ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమా లేకపోవడం అన్నీ కలిసి తెలంగాణలో సింగిల్ స్క్రీన్‌లు తామే ఆటలు ఆపుకున్నాయి. 2025 మేలో మాకు వారం అద్దె వద్దు, మల్టీప్లెక్సులకు ఇచ్చినట్టే పర్సంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామన్నారు. తరవాత వెనక్కి తగ్గారు.

ఆ ఆఖరి మాట కొంచెం వివరించాలి. అద్దె పద్ధతి అంటే సినిమా ఆడినా ఆడకపోయినా థియేటర్‌కి వారానికి ఇంత అని. వినడానికి భద్రంగా ఉంటుంది. కానీ సినిమా విరగబడి ఆడితే లాభం మనకు రాదు. సినిమా పోతే అద్దె కూడా సరిగా రాదు, తగ్గించమని ఫోను వస్తుంది. పర్సంటేజీ అంటే వసూళ్లలో వాటా, సినిమా పైకి పోతే మనమూ పోతాం. మల్టీప్లెక్సుకు ఒక పద్ధతి, మాకొక పద్ధతి. ఖర్చు మాత్రం తగ్గదు, సోమవారం నుంచి గురువారం దాకా హాల్లో పాతిక మంది కూర్చున్నా ఏసీ వెయ్యాల్సిందే, లైట్లు వెయ్యాల్సిందే.

ఇవన్నీ జబ్బులేనండీ, కాదనను. కానీ జబ్బుతోనే థియేటర్ ఇరవై ముప్పై ఏళ్లు నడిచింది. ప్రాణం తీసింది వేరే. ఒక లెక్క వేద్దాం, ఊరికే లెక్క కోసం. తొమ్మిది వందల సీట్ల హాలు. టికెట్ సగటున 100 రూపాయలు. నాలుగు ఆటలూ నిండితే రోజుకు 3,60,000. ఏడాదికి అలా నాలుగూ నిండే రోజులెన్ని? సంక్రాంతి, దసరా, ఒకటో రెండో పెద్ద హీరో సినిమాలు. అందులో పన్ను పోవాలి, డిస్ట్రిబ్యూటర్ వాటా పోవాలి, కరెంటు, జీతాలు, మరమ్మతులు పోవాలి. పన్ను ఈమధ్య తగ్గించారు, 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల దాకా టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే. మంచిదే. ఇప్పుడు ఆ హాలు ఎంత జాగాలో ఉందో చూడండి. ముందు స్కూటర్లు పెట్టే స్థలంతో కలిపి ఎకరం పైచిలుకు, నడిబొడ్డున, మెయిన్ రోడ్డు మీద. పైన ఉన్నది రెండంతస్తుల ఎత్తు గాలి. గాలికి టికెట్ అమ్మలేరు. ఆ జాగాలో గజం ధర మీకు నాకంటే బాగా తెలుసు. ఏ ఓనరైనా పొద్దున లేచి డీసీఆర్ ఒక చేత్తో, బిల్డర్ పంపిన కాగితం ఒక చేత్తో పట్టుకుంటే ఏం చేస్తాడు? నేల టికెట్‌తో బతికిన హాలు నేల ధరతో పోయింది.

దీనికి తోడు వాటాలు. దీని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. థియేటర్ కట్టిన పెద్దాయనకు అదొక పిచ్చి, ఊళ్లో పరువు. ఆయన పోతాడు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. పొలమైతే గట్టు వేసి పంచుకోవచ్చు, షాపులైతే ఒక్కొక్కరికి ఒక షట్టర్. థియేటర్‌ని ఎలా పంచుతారు? తెర ఎవరికి, బాల్కనీ ఎవరికి? అమ్మి పంచుకోవడం ఒక్కటే దారి. మా హాలు అలాగే పోయింది. వాళ్లను తిట్టను, తిట్టలేను, వాళ్ల తండ్రి నా పెళ్లికి వచ్చిన మనిషి. కానీ గురువారం రాత్రి సెకండ్ షో అయ్యాక రేపటినుంచి ఆట లేదని చెప్పారు. పోస్టర్ మర్నాటిది అంటించి ఉంది. పద్దెనిమిది మందికి రావాల్సిన సర్వీసు డబ్బులో సగమే వచ్చింది, అదీ ఏడాది తిప్పుకున్నాక. అందుకే పేరు చెప్పనన్నాను. ఇప్పుడక్కడ బట్టల దుకాణం ఉంది. మా ఇంట్లో పెళ్లి బట్టలు కూడా అక్కడే కొన్నాం.

సామాను తీసిన రోజు నేను, మామ వెళ్లాం. మిషన్లు తుక్కు కింద తూకానికి వెళ్లాయి. కిలో లెక్కన. నలభై ఏళ్లు నూనె వేసి తుడిచిన మిషన్‌ని సుత్తితో కొట్టి ముక్కలు చేస్తే తప్ప మెట్ల మీంచి దిగలేదు, గది కట్టినప్పుడు మిషన్ పెట్టాక గోడ కట్టారట. మామ మొదటి దెబ్బ దాకా ఉన్నాడు. తరవాత కిందికి పోయి బీడీ ముట్టించాడు. ఆ గదిలో నలభై ఏళ్లు నిప్పుతో పనిచేశాడు, బీడీ ముట్టించనివ్వలేదు ఎవరినీ.

సరే, కాపాడుకోవడం గురించి. 1981 నాటి హుడా, అంటే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన అని ఒకటి ఉండేది, దాని కింద ఈ ఊళ్లో పాత కట్టడాల జాబితా తయారైంది. 2015లో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ కట్టడాల చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ అనే పాత నవాబు భవనాన్ని కూల్చి అసెంబ్లీ కడతామంటే హైకోర్టు కుదరదంది. మంచి తీర్పు. కానీ గమనించండి, మన దగ్గర వారసత్వం అనగానే నవాబు ఇల్లు, కోట, సమాధి, మసీదు, గుడి. లక్షలమంది వారం వారం వెళ్లి కూచున్న చోటు ఎవరికీ వారసత్వంలా అనిపించదు. అక్కడ ఎవరూ పరిపాలించలేదు కదా.

బొంబాయి వాళ్లు కొంత నయం. 1938లో తెరిచిన ఎరోస్ థియేటర్, 1933 నాటి రీగల్, ఇవి ఉన్న ప్రాంతం మొత్తాన్ని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎరోస్ కొన్నేళ్లు మూతపడి 2024లో మళ్లీ తెరుచుకుంది, లోపల ఐమాక్స్ పెట్టారు. పైరూపం అదే. లోపలంతా మార్చేశారని గొణిగేవాళ్లున్నారు. నేనైతే గొణగను. లోపల సినిమా ఆడుతోందా లేదా, అదే నాకు కావాలి. అటుపక్క కలకత్తాలో 1907 నాటి హాలును, తరవాత చాప్లిన్ అని పేరు మార్చుకున్నదాన్ని, 2013లో కూలగొట్టారు. ఢిల్లీ రీగల్ 2017 మార్చిలో ఆఖరి ఆట వేసింది. మద్రాసులో 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్ ఇప్పటికీ నిలబడి ఉంది, తెలుసా? ఎలాగంటే, దాన్ని పోస్టాఫీసు వాళ్లు తీసుకున్నారు. స్టాంపులు సేకరించేవాళ్ల కోసం అక్కడ కార్యాలయం పెట్టారు. సినిమా ఆగి వందేళ్లు దాటింది, గోడలు మాత్రం గట్టిగా ఉన్నాయి.

ఒక ఆర్కిటెక్టు అమ్మాయి నాతో అంది, అంకుల్, ఒక్క పాత హాలునైనా మ్యూజియం చేద్దాం అని. అమ్మా, మ్యూజియంలో ప్రొజెక్టర్ గాజు పెట్టెలో ఉంటుంది, కింద చిన్న బోర్డు ఉంటుంది, స్కూలు పిల్లలు లైన్లో వచ్చి చూసి పోతారు, రెండేళ్లకు ఏసీ పాడవుతుంది, అంతే అన్నాను. కటువుగా అన్నానేమో. తరవాత ఆలోచిస్తే ఆ అమ్మాయి మాటలోనూ పస ఉంది, ఏమీ లేకపోవడం కంటే అది మేలు. కానీ ముందు చూడాల్సింది ఓనరు కష్టం. నిలబెట్టమని అతన్ని బతిమాలితే లాభం లేదు, అతనికి వచ్చే నష్టం ఎవరు పూడుస్తారు? టీడీఆర్ అని ఒకటుంది. రోడ్డు వెడల్పులో జాగా పోయినవాళ్లకు డబ్బుకు బదులు ఇస్తారు, ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు. దాన్ని అమ్ముకోవచ్చు. వారసత్వ కట్టడాలకూ టీడీఆర్ ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంది. థియేటర్ పైన ఉన్న ఆ రెండంతస్తుల గాలిని ఓనరు వేరేచోట అమ్ముకోనివ్వండి, ఇక్కడ తెర ఉండనివ్వండి. ఐదుగురు వారసులకు పంచడానికి కాగితం ఉంటుంది, హాలు ముక్కలవ్వదు. దీనికి ముందు ప్రభుత్వం ఒక్క థియేటర్‌నైనా జాబితాలో పెట్టాలి. పెట్టమని అడిగేవాళ్లు ఉండాలి.

జనం రారంటారా? 2022 నుంచి పాత సినిమాలను మళ్లీ వేస్తున్నారు కదా, 4కె అని. ఆ కుర్రాళ్లు మాల్‌కి పోవచ్చు. పోరు. క్రాస్‌రోడ్స్‌కే వస్తారు. నేను ఒకదానికి వెళ్లాను. ఆ సినిమా మొదట వచ్చినప్పుడు నేను టికెట్లు చింపాను, ఇప్పుడు నా పక్కన కూచున్న పిల్లలు అప్పటికి పుట్టలేదు. డైలాగులన్నీ ముందే చెప్తున్నారు. సీట్ల మీద నిలబడి ఒక వరుస విరగ్గొట్టారు కూడా, మేనేజర్ మొహం చూసి నాకు జాలేసింది. అభిమానం అంతవరకైతే సీట్లతో పోతుంది. 2024 డిసెంబరులో అదే చౌరస్తాలో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. పాత హాళ్లను నిలబెట్టాలనే మనం ముందు గేట్ల వెడల్పు, బయటికి దారులు, జనం లెక్క మాట్లాడాలి. ఒక్క ప్రాణం పోయినా ఆ హాలు ఉండాలని ఏ మొహంతో అడుగుతాం?

కాచిగూడ తారకరామ చూడండి. 2022 డిసెంబరులో లోపలంతా కొత్తగా చేసి తెరిచారు. వెళ్లాను. సీట్లు మెత్తగా ఉన్నాయి, ధ్వని బాగుంది, బాత్‌రూం శుభ్రంగా ఉంది. ఆ చివరిది చూసి నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. (నవ్వులు) పాత వాసన లేదని నాతో వచ్చిన మిత్రుడు బాధపడ్డాడు. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు కాబట్టి నేను బాధపడలేదు.

ఇప్పుడు మీతో చిన్న పనుంది. ఇదిగో, రెండు వందల పేజీల నోటుపుస్తకం. ఇందులో ఈ ఊరి హాళ్ల పేర్లు రాయిస్తున్నాను. ఎక్కడ ఉండేది, ఎదురుగా ఏముండేది, ఇప్పుడక్కడ ఏముంది, మీరు చూసిన సినిమా ఏది, ఎవరితో వెళ్లారు. ఉర్దూలో రాసినా పర్వాలేదు, చదివించుకుంటాను. ఇంట్లో పాత టికెట్ ముక్కలు, పాటల పుస్తకాలు, హాలు ముందు దిగిన ఫొటోలు ఉంటే పారెయ్యకండి, ఫోనులో ఫొటో తీసి అయినా ఇవ్వండి. మీ వీధిలో ఎవరైనా పాత ఆపరేటర్ ఉంటే ఆయన పేరు తప్పకుండా రాయండి. వాళ్లతో కూచుని మాట్లాడాలి, ఎక్కువ ఆలస్యం చెయ్యకుండా. మామతో నేను కూచోలేకపోయాను.

పుస్తకం ముందు వరుసనుంచి పంపుతున్నాను. దానితోపాటు ఒక కార్బన్ కడ్డీ కూడా వస్తుంది, పట్టుకుని చూడండి, చేతికి మసి అంటుతుంది, తెల్ల చొక్కాల వాళ్లు జాగ్రత్త. రెండూ వెనక వరుసదాకా పోయి తిరిగి నా దగ్గరికి రావాలి. పెన్ను కూడా అండీ. పోయినసారి సభలో పుస్తకం తిరిగొచ్చింది, పెన్ను రాలేదు.